కేటగిరీల జాబితా ఒకే ప్రశ్నకు జవాబు చెప్పాలి

వెబ్‌సైట్ పెట్టుకుందామని వచ్చేవాళ్ళు ముందుగా అడిగేది రంగుల గురించి, లోగో గురించి, హోస్టింగ్‌కు ఏడాదికి ఎంతవుతుందని. విజయవాడ, గుంటూరుల్లో తెలుగు సైట్లు నడిపేవాళ్ళకు నేను చాలాకాలంగా ఈ పనిలో సాయం చేస్తున్నాను. పచ్చళ్ళ వ్యాపారం చేసేవాళ్ళు, రిటైరైన లెక్చరర్లు, గుడి కమిటీవాళ్ళు, కోచింగ్ సెంటర్లవాళ్ళు వస్తుంటారు. కేటగిరీల గురించి, అంటే వ్యాసాలను సర్దుకునే విభాగాల గురించి, ముందుగా అడిగినవాళ్ళు దాదాపు లేరు. అంతా సిద్ధమయ్యాక, మొదటి పోస్టు పెట్టేటప్పుడు, పక్కన కనిపించే ఖాళీ గడిలో ఆ నిమిషానికి తోచింది రాసేస్తారు. రెండేళ్ళ తర్వాత ఆ సైటులో ఎవరికైనా ఏమైనా దొరుకుతుందా లేదా అన్నది ఆ గడిలో రాసినదాన్ని బట్టే ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. రంగు ఒక్క పూటలో మార్చుకోవచ్చు. వందల వ్యాసాలు కలగాపులగంగా పడిపోయాక వాటిని విడదీయాలంటే ఒక్కొక్కటీ మళ్ళీ చదవాలి.

"కేటగిరీలు పెట్టమంటారా, ట్యాగులు పెట్టమంటారా?" అని ఎవరైనా అడిగితే రెండూ పెట్టమనే చెబుతాను. ట్యాగు అంటే వ్యాసానికి విడిగా తగిలించే చిన్న గుర్తింపు పేరు. ఆ వెంటనే ఒక షరతు కూడా చెబుతాను. ఒక జాబితా ఒకే ప్రశ్నకు జవాబు చెప్పాలి. కేటగిరీలు "ఇది ఏ రకం రచన?" అన్నదానికి జవాబు చెబుతుంటే చివరిదాకా దానికే చెప్పాలి. ఎక్కడిది, ఎవరి గురించి, ఏ కాలానిది అన్న ప్రశ్నలు ట్యాగులవి. ఈ వ్యాసంలో నేను వాదించేది ఇంతే. కానీ ఇంత చిన్న మాటను నిలబెట్టుకోవడం ఎంత కష్టమో చెప్పాలంటే కొంచెం వివరంగా రాయాలి.

యంత్రం సంగతి, అంటే సైట్లు నడపడానికి వాడే సాఫ్ట్‌వేర్ సంగతి, త్వరగా ముగిస్తాను. వర్డ్‌ప్రెస్‌లో ప్రతి పోస్టుకూ కనీసం ఒక కేటగిరీ ఉండి తీరాలి. మనం ఇవ్వకపోతే అదే 'అన్‌కేటగరైజ్డ్' అని పెట్టేస్తుంది. కేటగిరీ కింద ఉపకేటగిరీ పెట్టుకోవచ్చు. ట్యాగు తప్పనిసరి కాదు, దానికి పైనా కిందా లేవు. వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చినా ట్యాగులు అందులోకి వచ్చింది 2007 సెప్టెంబరులో, 2.3 వెర్షన్‌తో. అంతకుముందు ఉన్నవి కేటగిరీలే కాబట్టి జనం ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు, పండగల పేర్లు అన్నీ వాటిలోనే కూరేవారు. బ్లాగర్‌లో ఇప్పటికీ ఉన్నవి ట్యాగుల్లాంటి లేబుళ్ళు మాత్రమే. తెలుగులో రాసేవాళ్ళు చాలామంది బ్లాగర్‌లోనే మొదలుపెట్టారు. తర్వాత వర్డ్‌ప్రెస్‌కు మారినప్పుడు ఆ లేబుళ్ళన్నీ కేటగిరీలై కూర్చున్న సైట్లను నేను చూశాను. మెనూ తెరిస్తే కిందికి జరుపుతూనే ఉండాలి.

ఇలాంటి సైటు ఒకటి నాకు బాగా తెలుసు. విజయవాడలో ఒక మాస్టారు రెండు జిల్లాల స్థానిక చరిత్ర రాస్తారు. ఊరూరూ తిరిగి, శాసనాలు చూసి, పెద్దవాళ్ళతో మాట్లాడి రాసిన వ్యాసాలవి. ఆ సమాచారం చాలావరకు నెట్‌లో ఇంకెక్కడా దొరకదు. మెనూలో మాత్రం 'దేవాలయాలు', 'గుంటూరు జిల్లా', 'కృష్ణా జిల్లా', 'మహనీయులు', 'యాత్రలు' అని పక్కపక్కనే ఉండేవి. ఒక్కొక్కటీ చూస్తే తప్పేమీ కనపడదు. అమరావతి మహాచైత్యం శిల్పాల మీద ఆయన రాసిన వ్యాసాన్ని తీసుకోండి. ఆ శిల్పాల్లో కొన్ని లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ఇంకొన్ని చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉన్నాయి. మాస్టారు చెన్నై వెళ్ళి చూసొచ్చి రాశారు. అది యాత్రా? గుంటూరు జిల్లానా? దేవాలయాల్లో వేద్దామంటే అది బౌద్ధ స్తూపం. ఆయన ఆ రోజు 'యాత్రలు' అని పెట్టారు. అదే అమరావతి గురించి అంతకుముందు రాసిన వ్యాసం 'గుంటూరు జిల్లా'లో ఉంది. అమరేశ్వరాలయం మీద రాసింది 'దేవాలయాలు'లో ఉంది. మూడూ ఒకే ఊరివి. ఒకటి చదివినవాళ్ళకు మిగతా రెండూ ఉన్నాయని తెలిసే దారి లేదు.

ఇంతలో 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. విజయవాడ, కొండపల్లి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి. కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాలో కలిశాయి. అమరావతి, కొండవీడు పల్నాడు జిల్లాలోకి, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. మాస్టారి సైటులో 'కృష్ణా జిల్లా' అన్న కేటగిరీ కింద ఉన్న వ్యాసాల్లో చాలా వాటి ఊళ్ళు ఆ జిల్లాలో లేకుండా పోయాయి. పైగా ఆయన సైటులో ప్రతి వ్యాసం లింకులోనూ కేటగిరీ పేరు వచ్చేలా పెట్టుకున్నారు. కేటగిరీ మారిస్తే లింకు మారుతుంది. పాత లింకు నొక్కినవాళ్ళు కొత్తదానికి చేరుతున్నారో లేదో ఒక్కొక్కటీ చూసుకోవాలి. 'గుంటూరు జిల్లా' పేజీకే నేరుగా లింకు ఇచ్చినవాళ్ళు ఉంటే, ఆ దారి మళ్ళింపు మనమే రాసి పెట్టాలి.

జిల్లాలు మారడం ఇదే మొదలా? గుంటూరు జిల్లా ఏర్పడిందే 1904లో. 1970లో అందులోంచి కొంత భాగం ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోకి పోయింది. అదే తర్వాత ప్రకాశం జిల్లా అయింది. చరిత్ర రాసే సైటు జిల్లా పేరును తన ప్రధాన విభజనగా పెట్టుకుంటే, ప్రభుత్వం గీత మార్చిన ప్రతిసారీ సైటు సగం కూలుతుంది. ఊరి పేరు ట్యాగుగా ఉంటే ఆ బాధ లేదు. కొండవీడు ఏ జిల్లాలో ఉన్నా కొండవీడే. జిల్లా కావాలనుకునేవాళ్ళ కోసం ఇంకో ట్యాగు పెట్టవచ్చు, రేపు అది మారినా వ్యాసం లింకు కదలదు.

గుంటూరు మిర్చి యార్డు ధరల పట్టిక చూసినవాళ్ళకు నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది. ముందు రకం ఉంటుంది: తేజ, 334, 341, బాడిగ. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన సరుకైతే ఏసీ అంటారు, కాకపోతే నాన్ ఏసీ. ఆ తర్వాత నాణ్యత: డీలక్స్, మీడియం. తాలు ధర వేరుగా ఉంటుంది. ఒకే బస్తా గురించి ఇన్ని సంగతులు చెప్పాలి, కానీ 'తేజ, ఏసీ, డీలక్స్, 334' అని అన్నిటినీ ఒకే వరసలో రాసి వీటిలో ఒకటి ఎంచుకోమని రైతును ఎవరూ అడగరు. తేజ అన్నది ఒక ప్రశ్నకు జవాబు, ఏసీ అన్నది ఇంకో ప్రశ్నకు జవాబు. మాస్టారి మెనూలో 'దేవాలయాలు' పక్కన 'గుంటూరు జిల్లా' ఉండటం ఆ వరస రాసినట్టే.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, అది బలమైనదే. "ఇవన్నీ ఎందుకండీ, సెర్చ్ ఉంది కదా, కావలసినవాళ్ళు వెతుక్కుంటారు" అంటారు. ఇంగ్లీషు సైట్ల విషయంలో ఈ మాటకు కొంత విలువ ఉంది. తెలుగులో నేను ఒప్పుకోను. వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా వచ్చే సెర్చ్, మనం కొట్టిన అక్షరాల వరస వ్యాసంలో ఎక్కడైనా ఉందా అని మాత్రమే చూస్తుంది. 'విజయవాడ' అని కొడితే 'విజయవాడలో', 'విజయవాడకు' దొరుకుతాయి, ఎందుకంటే ఆ అక్షరాలు అలాగే ఉన్నాయి. 'గుంటూరు' అని కొడితే 'గుంటూర్లో' అని రాసింది దొరకదు. 'పచ్చడి' అని కొడితే 'పచ్చళ్ళు' దొరకవు. 'ఊరు' కొడితే 'ఊళ్ళో' రాదు, 'చెట్టు' కొడితే 'చెట్లు' రావు. మన మాట విభక్తి చేరగానే, బహువచనం కాగానే మధ్యలోంచి మారిపోతుంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల మీద మాస్టారు రాసినవాటిలో ఒకచోట 'కాలువ', ఒకచోట 'కాలవ', పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసినచోట 'కాల్వ' ఉన్నాయి. అలా రాయడమే సరైనది, మనుషుల మాటను దిద్దకూడదు. ఇక పాతకాలం సంగతులు రాసినప్పుడల్లా ఆయన బెజవాడ అనే అంటారు. విజయవాడ అని వెతికినవాళ్ళకు ఆ వ్యాసాలు కనపడవు.

ట్యాగు అసలు విలువ ఇక్కడ తెలుస్తుంది. వ్యాసంలో ఏ రూపం ఉన్నా, వెనక ఒకే పేరు తగిలించి ఉంటే అన్నీ ఒకచోటికి చేరతాయి. రచయిత తన భాషను తనకు నచ్చినట్టు రాసుకోవచ్చు, పాఠకుడు ఆ ఒక్క పేరు నొక్కి అన్నిటినీ చేరుకోవచ్చు. తెలుగు సైట్లకు ట్యాగుల అవసరం ఇంగ్లీషు సైట్లకంటే ఎక్కువ అని నేననేది ఇందుకే.

అయితే ట్యాగుల జాబితాలోనే 'విజయవాడ', 'బెజవాడ', 'విజయవాడ నగరం' అని మూడు ఉంటే ఈ మేలంతా పోతుంది. ఎక్కువ సైట్లలో జరుగుతున్నది ఇదే. ప్రతి పోస్టుకూ అప్పటికప్పుడు టైపు చేస్తారు. ఒకరోజు 'గ్రంథాలయం', ఇంకోరోజు 'గ్రంధాలయం'. ఒకరోజు 'పచ్చళ్ళు', ఇంకోరోజు 'పచ్చళ్లు'. అరండల్‌పేటను కలిపి రాస్తే ఒకటి, మధ్యలో ఖాళీ వదిలితే ఒకటి, లకారం కింద పావత్తు పడితే మరొకటి. ఇవి కంటికి కనపడే తేడాలు. కనపడనివీ ఉన్నాయి. పొల్లు అక్షరం పక్క అక్షరంతో కలవకుండా ఆపడానికి కీబోర్డులు మధ్యలో ఒక కనిపించని గుర్తు పెడతాయి. కొన్నిసార్లు అది మాట చివర కూడా మిగిలిపోతుంది. మనం చూస్తే రెండు మాటలూ అచ్చం ఒకటే, అక్షరాల వరస ప్రకారం రెండూ వేరు. ట్యాగుల పట్టికలో ఒకే మాట రెండుసార్లు ఎందుకుందో తెలియక తల పట్టుకున్నవాళ్ళు ముందు ఈ గుర్తు కోసం వెతకాలి.

లింకుల్లోనూ తెలుగుకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. లింకులో తెలుగు రాస్తే కంప్యూటర్ దాన్ని శాతం గుర్తులతో నిండిన రూపంలోకి మారుస్తుంది. మన లిపిలో ప్రతి గుర్తూ, అంటే అక్షరమైనా గుణింతమైనా సున్నా అయినా, అక్కడ తొమ్మిది అక్షరాలవుతుంది. 'విజయవాడ'లో అలాంటివి ఏడున్నాయి కాబట్టి లింకులో 63 అక్షరాలు. వర్డ్‌ప్రెస్ ఈ పేరు కోసం ఉంచే చోటు 200 అక్షరాలు. అంటే ఇరవై రెండు గుర్తులు దాటితే పట్టదు. వాట్సాప్‌లో పంపితే ఆ లింకు ఎంత భయంకరంగా ఉంటుందో అందరూ చూసే ఉంటారు. అందుకని కేటగిరీ పేరు, ట్యాగు పేరు పైకి చక్కగా తెలుగులోనే ఉంచి, లింకులో వచ్చే రూపాన్ని మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఇవ్వమంటాను. తెలుగు మీద ప్రేమ ఉన్నవాళ్ళు దీనికి బాధపడతారు. నాకూ ఇష్టంగా లేదు. కానీ లింకు తెగిపోయి వ్యాసం ఎవరికీ అందకపోవడం కంటే ఇది నయం.

ట్యాగులు అలా గుట్టగా పెరగడానికి ఇంకో కారణం ఉంది. చాలామంది వాటిని గూగుల్ కోసం పెడతారు. 'విజయవాడ టిఫిన్లు', 'విజయవాడలో మంచి టిఫిన్లు', 'బెస్ట్ టిఫిన్ విజయవాడ' అని ఒకే పోస్టుకు వరసగా రాస్తారు. పేజీలో దాచిపెట్టే కీవర్డుల జాబితాను వెబ్ సెర్చ్ ర్యాంకింగ్‌కు వాడుకోవడం లేదని గూగుల్ 2009లోనే బహిరంగంగా చెప్పింది. ట్యాగులు ఆ జాబితాకు తమ్ముళ్ళు కావు. ఒక్కో ట్యాగుకూ సైటులో ఒక పేజీ పుడుతుంది. దాన్ని నొక్కి వచ్చిన పాఠకుడికి అక్కడ తాను ఇప్పుడే చదివిన వ్యాసం ఒక్కటే కనిపిస్తే అతను ఇంకోసారి ఏ ట్యాగూ నొక్కడు. నాకు అసలు కోపం వచ్చేది ఇక్కడే. ఇంకా చదవాలని ఉత్సాహంగా నొక్కిన మనిషిని మనమే వెనక్కి పంపేస్తున్నాం.

అప్పటికప్పుడు ఎవరికి తోచిన ట్యాగు వాళ్ళు పెట్టుకోవడం ఒక గొప్ప పద్ధతిగా పేరు పొందిన కాలం ఒకటుంది. 2003లో లింకులు దాచుకునే డెలీషియస్, 2004లో ఫోటోలు పెట్టుకునే ఫ్లికర్ వచ్చాయి. జనమే కలిసి చేసే ఈ వర్గీకరణకు థామస్ వాండర్ వాల్ అనే ఆయన 2004లో 'ఫోక్సానమీ' అని పేరు పెట్టారు. అది అక్కడ నిజంగా పనిచేసింది. వేలమంది ఒకే లింకుకు ట్యాగులు పెడితే, ఎక్కువమంది వాడిన మాట దానంతట అదే పైకి వస్తుంది, ఒకరి అక్షరదోషం లెక్కలోకి రాదు. ఒక్క మనిషి నడిపే సైటులో ఆ వేలమంది ఏరి? అక్కడ దోషం దోషంగానే మిగులుతుంది. గుంపు కోసం పుట్టిన స్వేచ్ఛను ఒంటరి మనిషి వాడుకుంటే వచ్చేది గందరగోళమే.

ఈ విషయంలో మనకు దగ్గరి దారి గ్రంథాలయాల్లో ఉంది. ఆ దారి విజయవాడకు బాగా తెలిసినదే. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది బెజవాడలోనే. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా గ్రంథాలయం ఉండాలని జీవితమంతా తిరిగారు. గ్రంథాలయంలో పుస్తకం ఒకటే, దాన్ని పెట్టగలిగేది ఒక్క చోటే. కానీ దాని కోసం కార్డులు ఎన్నైనా రాయవచ్చు: రచయిత పేరుతో ఒకటి, పుస్తకం పేరుతో ఒకటి, విషయాల పేర్లతో మరికొన్ని. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1933లో కోలన్ వర్గీకరణ ప్రచురించారు. ఒక విషయాన్ని ఒకే పెట్టెలో కుక్కకుండా ఐదు కోణాల్లో విడదీసి చూడటం దాని మూలసూత్రం. దేశం, కాలం ఆ ఐదింటిలో రెండు. మాస్టారి మెనూలో కలిసిపోయిన ప్రశ్నలను ఆయన మనకంటే ఎంతో ముందే విడదీసి పెట్టారు.

లైబ్రరీ కేటలాగులో నాకు ఎంతో నచ్చే కార్డు ఒకటుంది. దాని మీద ఏ పుస్తకం పేరూ ఉండదు. 'బెజవాడ: విజయవాడ చూడండి' అన్న తరహాలో ఒక్క ముక్క ఉంటుంది. ఏ పేరుతో వెతికినా మనిషి సరైన చోటికి చేరాలన్న శ్రద్ధ అది. మన సైట్లకు కావలసింది ఇదే. నేను సాయం చేసే ప్రతి సైటుకూ ఒక చిన్న పట్టిక రాయిస్తాను. నోటు పుస్తకమైనా సరే, ఫోన్‌లో ఫైలైనా సరే. ఎడమ వైపు మనం వాడే ట్యాగు, కుడి వైపు అదే అర్థంలో జనం వాడే మిగతా రూపాలు. కొత్త పోస్టు పెట్టేటప్పుడు ట్యాగును టైపు చేయకూడదు, పట్టికలోంచి ఎంచుకోవాలి. కొత్త ట్యాగు కావాలనిపిస్తే, ఆ విషయం మీద మూడో వ్యాసం రాసేదాకా ఆగమంటాను.

ఈ పద్ధతి చరిత్ర వ్యాసాలకే అనుకోవద్దు. నాకు వదిన వరసయ్యే ఒకావిడ గుంటూరు బ్రాడీపేటలో పచ్చళ్ళు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతారు. ఆవిడ సైటులో వెజ్ పచ్చళ్ళు, నాన్‌వెజ్ పచ్చళ్ళు, పొడులు, అప్పడాలు వడియాలు అని కేటగిరీలు. 'ఇది ఏ వస్తువు?' అన్న ఒక్క ప్రశ్నకే ఇవన్నీ జవాబులు, ఇంతవరకు బాగుంది. పావుకిలో, అరకిలో, కిలో అన్నవి కేటగిరీలూ కావు, ట్యాగులూ కావు. అమ్మకాల సైట్లలో వాటికి 'యాట్రిబ్యూట్' అని వేరే ఏర్పాటే ఉంది. కార్తీకమాసం వచ్చేసరికి మాత్రం ఫోన్లు మొదలవుతాయి. "అమ్మా, వెల్లుల్లి లేనివి ఏమేం ఉన్నాయి?" అని. ఉల్లి, వెల్లుల్లి మానేసేవాళ్ళకు ఆ నెలలో అది చిన్న విషయం కాదు. గోంగూరలో ఒకటి, పొడుల్లో మూడు, చింతకాయలో ఒకటి అని వదిన నోటితో చెబుతూ ఉండేవారు. దీనికోసం 'కార్తీకమాసం స్పెషల్' అని కొత్త కేటగిరీ పెడదామని ఆవిడ అన్నారు. పెడితే నెల దాటాక అది మెనూలో ఖాళీగా మిగులుతుంది. వెల్లుల్లి ఏ రోజూ తినని ఇళ్ళవాళ్ళకు అక్కడ వెతకాలని తోచదు.

"వదినా, వెల్లుల్లి లేకపోవడం పొడికీ ఉంటుంది, పచ్చడికీ ఉంటుంది కదా" అన్నాను. 'వెల్లుల్లి లేనివి' అన్న ఒక్క ట్యాగు అన్ని కేటగిరీల మీదుగా అడ్డంగా వెళ్ళింది. ఇప్పుడు ఆవిడ ఫోన్‌లో ఆ పేజీ లింకు పంపిస్తారు. ట్యాగు అంటే ఏమిటని ఎవరైనా నన్నడిగితే ముందు ఈ పేజీయే చూపిస్తాను.

ఇక న్యూస్ సైట్ల సంగతి వేరు. పదిమంది రాసేచోట, రోజుకు వందల వార్తలు పడేచోట, ఒక సంఘటన నడిచినన్నాళ్ళే బతికే ట్యాగులు తప్పవు. అక్కడ పట్టిక చూసుకునే పని ఒక మనిషికి ప్రత్యేకంగా అప్పగించాలి. దాని గురించి ఎక్కువ చెప్పను, నేను పనిచేసేది చిన్న సైట్లతో.

పాత సైటును సరిచేయాలనుకునేవాళ్ళు ఒక్క విషయంలో జాగ్రత్తపడాలి. కేటగిరీని తీసేస్తే పోస్టులు పోవు. వేరే కేటగిరీ లేనివి డిఫాల్ట్ కేటగిరీలోకి వెళ్ళిపోతాయి. అంటే సర్దకుండా తీసేస్తే అన్నీ కుప్పగా 'అన్‌కేటగరైజ్డ్'లో పడతాయి. ముందు వ్యాసాలను కొత్త చోటికి మార్చాలి, తర్వాత పాత పేజీ లింకును కొత్తదానికి మళ్ళించాలి, అప్పుడే తీసేయాలి. ట్యాగులకూ ఇంతే.

మాస్టారి సైటు ఇప్పుడు అలాగే మారుతోంది. కేటగిరీలు ఐదే మిగిలాయి: శాసనాలు, కట్టడాలు, మనుషులు, నీళ్ళు-పొలాలు, జ్ఞాపకాలు. ఊళ్ళన్నీ ట్యాగులయ్యాయి. శిల్పాల వ్యాసం 'కట్టడాలు'లోకి వచ్చింది. మా ఇద్దరి మధ్య ఒక్క పేరు మాత్రం ఇంకా తేలలేదు. అమరావతి అంటే మహాచైత్యం, అమరేశ్వరాలయం ఉన్న పాత ఊరు. 2015లో ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగిన రాజధాని కూడా అమరావతే. ఒకటి పల్నాడు జిల్లాలో ఉంది, ఇంకొకటి గుంటూరు జిల్లాలో. రాజధాని గ్రామాల పొలాల మీద మాస్టారు రాసినవి, స్తూపం మీద రాసినవి ఒకే ట్యాగు కింద కలిసిపోతున్నాయి. రెండుగా విడదీసి 'అమరావతి', 'రాజధాని అమరావతి' అని పెడదామని నేనంటాను. "ఆ పేరు ఈ ఊరిది నాయనా, అటునుంచి వచ్చినవాళ్ళకు ఈ స్తూపం కూడా కనపడాలి, విడదీయొద్దు" అని ఆయనంటారు. పాఠకుడు రాజధాని భూముల గురించి వచ్చినప్పుడు రెండు వేల ఏళ్ళ కిందటి శిల్పం ఎదురవడం మంచిదేనన్నది ఆయన పట్టు. తనకు కావలసింది దొరక్కపోతే ఆ పాఠకుడు శిల్పం చూడకుండానే వెళ్ళిపోతాడన్నది నా భయం. ప్రస్తుతానికి రెండు ట్యాగులు పెట్టి, ఒక్కో ట్యాగు పేజీ పైన రెండోదాని లింకు రాశాం. చదివేవాళ్ళు ఎటునుంచి ఎటు వెళుతున్నారో కొన్నాళ్ళు చూసి మళ్ళీ మాట్లాడుకుందామన్నారు.